పడుగు కొసన కూర్చున్న సారు

ఎమ్మిగనూరు హైస్కూల్లో డ్రాయింగ్ పీరియడంటే లెక్కల సారు లాక్కునే పీరియడ్. వెంకోబారావు సారు వచ్చాక ఆ ఆటలు సాగలేదు. మంత్రాలయం మనిషి. చలువ పంచె, పాత సైకిలు. కోపమొస్తే చేతిలో సుద్దముక్క విరిచేవారే గానీ పిల్లల్ని ఒక్క మాట అనేవారు కాదు. ఈరోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే. కాదన్నవాళ్ళుంటే నాతో పేచీకి రావచ్చు.

డెబ్బై నాలుగులో నేను తొమ్మిదో తరగతి. మాది మగ్గాల ఇల్లు. ఆ ఏడుతో చదువు మాన్పించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని మా నాయన లక్ష్మప్ప తేల్చేశాడు. నాకేమో బొమ్మల పిచ్చి. డ్రాయింగ్ పరీక్ష పాసైతే టీచరు ఉద్యోగానికి దారి దొరుకుతుందని సారు చెప్పినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. కానీ పరీక్ష కర్నూలులో. నాయన వినడు.

అది చాలదన్నట్టు నాకు దారి బొమ్మే రాలేదు. దూరం పోయేకొద్దీ దారి అంచులు దగ్గరై ఒక చుక్కలో కలవాలని సారు బోర్డు మీద గీసి చూపించారు. నేను మాత్రం రెండు గీతల్నీ ఎడంగానే పైదాకా లాగేదాన్ని. నా దారి గోడకు ఆనించిన నిచ్చెనలా ఉండేది. ఎందుకిట్లా అని సారు అడిగితే నా నోరు ఊరుకుంటుందా?

"పోగులు కలిస్తే గుడ్డ యాడొస్తాది సార్?" అన్నాను.

మగ్గానికెక్కే ముందు వీధిలో బారుగా సాచి గంజి పెట్టే నిలువు పోగులే పడుగు. ఆ పోగులు ఒకదానికొకటి అంటుకుంటే పడుగంతా పాడు. మా ఇంట్లో పిల్లల వీపులు వాచేది దానికే. క్లాసంతా పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. మీ వీధిలో పడుగు ఎప్పుడు సాస్తారని అడిగారు.

ఆ వారంలోనే ఒక పొద్దున, వీధి పొడవునా పడుగు సాచి నాయన గంజి పెడుతుంటే, సారు సైకిలు దిగారు. నేరుగా పడుగు కొసకు పోయి, ఆ చలువ పంచెతోనే గంజి కారిన మట్టిలో చతికిలబడ్డారు. నాయన కుంచె పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు. సారు నన్ను పక్కన కూర్చోబెట్టి ఒక కన్ను మూసి చూడమన్నారు. చూద్దును కదా, అవతలి కొసన పోగులన్నీ ఒకచోటికి చేరిపోతున్నాయి. పోగులు అంటుకుపోయాయనుకుని ఆ కొసకు పరుగెత్తాను. అక్కడ ఏ పోగుకా పోగు విడిగానే ఉంది.

తిరిగొచ్చాక సారు అన్నారు: "పోగులు కలవలేదు పాపా. నీ కన్ను కలిపింది. కంటికి కనపడిందే గీయాల."

నాయన కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"పుట్టినప్పట్నుంచి పక్కన నిలబడే కుంచె ఆడించినా సామీ. ఈడ కూసోని ఎన్నడూ సూడలేదు" అన్నాడు. ఆ తర్వాత, పరీక్ష ఎప్పుడని అడిగాడు.

ఆడపిల్లను కర్నూలు పంపుతావా అని బంధువులు దెప్పితే, వాళ్ళనూ పడుగు కొసన కూర్చోబెట్టి, ముందు చూసి ఆమీద మాట్లాడమనేవాడు మా నాయన.

ఎనభై రెండులో ఆస్పరి బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరాను. ఆ దసరాకు నాయన తన చేత్తో నేసిన పంచెల జత ఇచ్చి, ఆనాడు మాసిన పంచెకు బదులని చెప్పమన్నాడు. రిటైరై ఆదోనిలో ఉంటున్న సారింటికి పోయి ఆ మాటే చెప్పి, కాళ్ళకు మొక్కాను. సారు కళ్ళు తుడుచుకుని, నీ బడి పిల్లల్ని యాడ కూర్చోబెట్టి చూపిస్తాండావని అడిగారు. శెనక్కాయ చేలో, సాళ్ళ కొసన అన్నాను.

సెలవులయ్యాక ఒకరోజు సారు చెప్పా పెట్టకుండా ఆస్పరిలో బస్సు దిగారు. ఒంటి మీద నాయన నేసిన పంచె. చేలోకి వచ్చి, నేను వద్దు వద్దంటున్నా, ఆ కొత్త పంచెతోనే నా పిల్లల మధ్య మట్టిలో కూర్చున్నారు.