చూపుడువేలికి అర్థం

తొంభైల చివర్లో మా చెల్లెలు సైగల నిఘంటువు మొదలుపెట్టింది. పుస్తకంగా కాదు, ఇంటర్నెట్‌లో. తనకు పుట్టుకతోనే వినపడదు. నేను అశోక్ నగర్‌లో ఒక డీటీపీ షాపులో పోటీ పరీక్షల నోట్సు కంపోజ్ చేసేవాణ్ని కాబట్టి అర్థాలు రాసే పని నాకప్పగించింది. తెలుగు నాకంటే బాగా ఎవరికీ రాదని అప్పట్లో నాకు తెగ నమ్మకం.

ఆదివారాలు చిక్కడపల్లిలో మా కిరాయి ఇంటి డాబా మీద తెల్లదుప్పటి కట్టేవాళ్లం. దాని ముందు తను సైగ చేస్తే నేను ఫోటో తీసేవాణ్ని. నారాయణగూడ స్టూడియోలో ప్రింట్లు వేయించి, మా షాపులో స్కాన్ చేసి, చెయ్యి ఎటు కదలాలో బాణం గుర్తు పెట్టేవాళ్లం. వీడియోలు పెట్టాలని తన కోరిక. ఆ ఫోన్ లైను మీద ఒక్క ఫోటో ఎక్కడమే గగనంగా ఉండేది.

ఒక ఆదివారం తను చూపుడువేలు పైకెత్తి నిలబడింది. ఇందులో ఆలోచించడానికేముంది? చీటీ మీద 'ఒక్క నిమిషం' అని రాశాను. తను చీటీ లాక్కుని, దాన్ని కొట్టేసి, కింద 'చెప్పరు' అని రాసింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అర్థాలు రాసేది నువ్వా, నేనా అని సైగ చేశాను. తను కెమెరా తీసుకుని, నన్ను దుప్పటి ముందు నిలబెట్టి, వేలెత్తమంది. ఎత్తాను. ఫోటో తీసి, ఈ సైగ నీదే అన్నట్టు నా ఛాతీ మీద పొడిచి, చీటీ వెనక ఒకే మాట రాసింది: 'నాయనమ్మ'.

నల్లకుంట ఇంట్లో నాయనమ్మ పోయిన రోజు తనకు ఎనిమిదేళ్లు. చిన్నపిల్లలని పక్కింటికి పంపేశారు. తను అక్కణ్నుంచి పరుగెత్తుకొచ్చి, ఏమైందని గేటు దగ్గర నా చొక్కా పట్టుకు లాగింది. ఒక్క నిమిషమని వేలెత్తి లోపలికి వెళ్లిపోయాను. మళ్లీ బయటికి రాలేదు. మూడోరోజు నాయనమ్మ మంచం పెరట్లో వేసి కడుగుతుంటే తనకే అర్థమైంది. ఆ తర్వాత కూడా ఇంట్లో నవ్వులైనా, తగాదాలైనా, తను అడిగినప్పుడల్లా నేను వేలెత్తుతూనే ఉన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్లో నెట్‌లో తెలుగు అక్షరాలు సరిగా కనపడేవి కావు, అందుకని అర్థాన్ని కూడా బొమ్మలోనే అతికించేవాళ్లం. ప్రింటు వచ్చాక నా ఫోటో కింద 'చెప్పరు' అని నేనే కంపోజ్ చేసి అతికించాను.

మర్నాడు ఆ ఫోటో ఎక్కించడానికి చిక్కడపల్లిలోని నెట్ సెంటర్‌కు ఇద్దరం వెళ్లాం. సగం ఎక్కి లైను ఆగిపోయింది. సెంటరాయన నా భుజం తట్టి, "అన్నా, మీ చెల్లె ఒక్క సైగ ఎక్కేలోపట నేను రైలెక్కి కాచిగూడ పోయి, చాయ్ తాగి, మళ్ల వస్త" అన్నాడు. నేనూ ఆయనా నవ్వుకున్నాం. ఏమిటని తను అడిగింది.

నా వేలు దానంతట అదే లేచింది. గబుక్కున ముడిచేసి, తనవైపు తిరిగి, రైలు, చాయ్, ఆగిపోయిన లైను, అన్నీ వచ్చీరాని సైగలతో చెప్పాను. తను మూతి విరిచింది.

"ఇన్నేళ్లూ నువ్వు చెప్పనివన్నీ ఇలాంటివేనా?" అని చేతులతో అడిగింది.

కాదు, కొన్ని చాలా బాగుండేవని నిజం చెప్పాను.