తాడు లాగిన రాత్రి

ముందే చెబుతున్నాను, ఆ రోజు నేను చుక్క కూడా ముట్టలేదు. నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అయినా ఇదే మాట చెబుతాను.

గోదావరిఖని దగ్గర, నది ఒడ్డున, ఒక చిన్న పార్కు ఉంది. ఉయ్యాలలు, రెండు మూడు తొక్కుడు పడవలు. డ్యూటీ దిగి ముగ్గురం వెళ్లాం. రాజేశం నా పాత జోడీ. ఓదెలు గనిలో కొత్తగా చేరినవాడు. వాడికి నీళ్లంటే వణుకు. అందుకే తీసుకెళ్లాం... నిజం చెప్పాలి కదా.

జనం వెళ్లిపోయేదాకా ఆగాం. ఒక పడవకు పొడవాటి తాడు కట్టి, వాడిని బలవంతంగా ఎక్కించి నెట్టేశాం. తాడు కొస నా చేతిలో ఉంది. చీకటి పడింది. లాగమని వాడు కేకేశాడు. మేం టార్చి ఆర్పేసి, చప్పుడు చేయకుండా కూర్చున్నాం.

మళ్లీ కేక. మళ్లీ. అరగంట పైనే... తర్వాత ఏడుపు. గొంతు బొంగురుపోయింది. మధ్యమధ్య నీళ్లు మింగుతున్నట్టు గుటకలు. రాజేశం ఆ గుటకలు వేసి చూపించాడు. నేను నవ్వాను.

చివరికి విసుగొచ్చి తాడు లాగాను. బరువుగా వచ్చింది. మనిషి ఉన్నంత బరువు. తప్... తప్... పడవ అడుగున నీళ్లు కొడుతున్నాయి. ఒడ్డుకు తగిలింది. టార్చి వేశాను.

ఎవరూ లేరు. సీటు... పొడిగా ఉంది.

అప్పుడు నది మధ్య నుంచి, మెల్లగా...

"గప్పుడే గుంజుతున్నవేందన్నా... నేనింకా ఎక్కలే."

పరుగెత్తాం. బండి దాకా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. పోలీసులకూ, ఓదెలు భార్యకూ. చెబితే కొలువులు పోతాయన్నాడు రాజేశం. నేను సరేనన్నాను.

తెల్లారి డ్యూటీకి వెళ్తే, హాజరు వేసే చోట ఓదెలు నిలబడి ఉన్నాడు. ప్రాణాలతో. పడవ ఇసుక తిప్పకు తగలగానే దిగి, మోకాలి లోతు నీళ్లలో నడిచి, పార్కు అవతల గట్టెక్కి ఆటోలో ఇంటికి వెళ్లిపోయాడట. నా మొహం చూడకుండానే అన్నాడు.

"ఒక్కసారే పిలిసిన. మీరు గుంజరని ఎర్కైంది."

మరి అరగంట ఏడ్చింది ఎవరు?

దయ్యమంటాడు రాజేశం. దయ్యమే అయితే నాకు నిద్ర పడుతుంది. మనిషే అయితే... మునిగిపోతున్న మనిషికి అందబోయిన పడవను మేం లాగేసుకున్నామా? ఆ వారమంతా పేపర్లు తిరగేశాను. ఎవరూ తప్పిపోయినట్టు లేదు. నదిలో దిగి వెతకమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికీ చెప్పలేదు.