మధ్యలో అందుకోవద్దు

మా ఆఫీసులో అందరూ ఆమెను అక్క అంటాం. అక్కకు చిన్నప్పటి నుంచీ నత్తి. ఆమె మొదలుపెట్టిన మాటను పూర్తిచేసే పుణ్యం కోసం జనం పోటీ పడతారు: ఇంట్లో వాళ్ళమ్మ, బస్సులో కండక్టర్, పెళ్ళయ్యాక బావగారు. సగంసార్లు తప్పుగానే పూర్తిచేస్తారు. దిగాల్సింది ఒకచోటైతే ఇంకోచోటికి టికెట్ చేతిలో పడిన రోజులున్నాయి. వింటుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషి ఏరికోరి మాటతో నడిచే యాప్‌ల పనిలో చేరింది. ఆసుపత్రికి ఫోన్ చేసినవాళ్ళు నోటితో అడిగితే డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇచ్చే యాప్ మాది. అందులో ఏ మార్పు చేసినా ముందుగా పరీక్షించే టూల్‌ను అక్కే తయారుచేసింది. రకరకాల గొంతులు రికార్డు చేసి అందులో పెట్టింది: ముసలివాళ్ళవి, ఆయాసపడేవాళ్ళవి, నత్తి ఉన్నవాళ్ళవి. ఒక్కరి మాట మధ్యలో తెగినా టూల్ ఎర్ర గుర్తు చూపిస్తుంది. యాప్ గడప దాటదు.

మా మేనేజర్‌కు వేగం పిచ్చి. ఫోన్లో మనిషి మాట ఆపితే, ఇంకా ఏమైనా చెబుతాడేమోనని యాప్ కాసేపు ఆగి అప్పుడు జవాబిస్తుంది. ఆ ఆగే సమయాన్ని ఆయన సగానికి కోయించాడు. టూల్ నిండా ఎర్ర గుర్తులే. "ఆ నిదానం గొంతులు తీసేయమ్మా, అంతా పచ్చగా వస్తుంది" అన్నాడు. చెప్పు కోసం కాలు కోసుకోమనడం అంటే ఇదే. ఎంత చెప్పినా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

యాప్ చూడటానికి ఆసుపత్రి నడిపే పెద్దావిడ వచ్చిన రోజు, మీటింగులో అక్క లేచి నిలబడింది.

"ఆ గొం... గొంతులు..."

"తీసేస్తానంటోందండి" అని మేనేజర్ అందుకున్నాడు.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నే... నేను చెప్పేదాకా ఆ... ఆగండి."

అందరం ఆగాం.

"తీ... తీయను. మనిషి మాట్లాడుతుండగానే డాక్టర్ల ఖాళీ వేళలు వె... వెతకడం మొదలుపెడదాం. వేగం అక్కడ వస్తుంది. కోత మన ప... పనిలో పెట్టండి, వాళ్ళ మాటలో కాదు."

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా, నూటికి ఇద్దరో ముగ్గురో" అన్నాడు మేనేజర్.

"అందులో ఒకదాన్ని నే... నేను. తీయాలంటే ముందు న... నన్ను తీయండి."

పెద్దావిడ మేనేజర్ వైపు తిరిగింది. ఆయన "అది... అంటే... నా ఉద్దేశం..." అని నీళ్ళు నమిలాడు. అక్క ఆయన మాట అందుకోలేదు. ఆయన తేల్చేదాకా ఓపిగ్గా చూస్తూ నిలబడింది.

"గొంతులు ఉండనీ" అని చివరికి ఆయనే పూర్తిచేశాడు.