నవసారి దగ్గర ఇంజన్ లైటు వెలిగిన రోజు

మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నామంటే అందరూ విహారయాత్ర అనుకున్నారు. కాదు. వడోదర హాస్టల్లో ఉన్న మా అమ్మాయి మేఘనకు కోవిడ్ తగ్గింది కానీ నీరసం, దగ్గు పోలేదు. శనివారం సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్ ఖాళీ చేయాలని వార్డెన్ ఫోన్ చేసింది. ఆ స్థితిలో పిల్లను రైలెక్కించే ధైర్యం నాకు లేదు. పడక, టాయిలెట్, చిన్న స్టవ్ ఉన్న డీజిల్ బండి రోజుకు ఆరు వేలకు దొరికింది. మనం చేస్తున్నది సరైనదేనా అని షోలాపూర్ దాకా మా ఆయన శ్రీధర్‌ను అడుగుతూనే ఉన్నాను. ఆయన జవాబివ్వడం జహీరాబాద్‌లోనే మానేశారు.

శుక్రవారం ఉదయం ఐదింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, పుణె దాటాక ఒక పెట్రోల్ బంకులో పడుకున్నాం. శనివారం నాలుగున్నరకే మళ్లీ రోడ్డెక్కాం. బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లకు మించి ఇవ్వలేదు. గుజరాత్ సరిహద్దులో ఆర్టీపీసీఆర్ రిపోర్టులు చూపించడానికి అరగంట పట్టింది. పదకొండు దాటాక, నవసారి దగ్గర, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో పసుపు లైటు వెలిగింది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి వేగం ఇరవై దాటలేదు. ఫోన్ చేస్తే, అద్దెకిచ్చినాయన డీజిల్ ఎక్కడ పోయించారని మాత్రం అడిగి, సర్వీస్ సెంటర్ నంబరిచ్చాడు. వాళ్లు సోమవారం రమ్మన్నారు. ఇరవైలో వెళ్తే వడోదర ఇంకా ఎనిమిది గంటల దూరం. గ్యారేజీ ఏదైనా తెరిచి ఉంటుందేమోనని సచిన్ అనే మిల్లుల ఊరి రోడ్డు పట్టాం. కరోనా ఆంక్షలతో ఒక్కటీ తెరిచి లేదు. పన్నెండున్నరకు, మిల్లుల గేటు ముందు సగం షట్టర్ దించిన ఒక మెస్సు దగ్గర ఆగిపోయాం.

మెస్సు నడిపే రాజవ్వది సిరిసిల్ల వైపు. మగ్గం పనికి వచ్చిన కుటుంబం, దగ్గర్లోని డిండోలిలో ఉంటారు. నా తెలుగు వినగానే బయటికొచ్చి బండిలోకి తొంగిచూసింది.

“గిదేందక్కా, లోపల మంచం గూడ ఉన్నదా? మేముండే ఖోలీ గింతే ఉంటది. కని మీది నడుస్తది.”

“నడుస్తలేదు గనకనే మన ముంగట ఆగింది వదినే,” అన్నాడు లోపల అన్నం తింటున్న ఆమె మరిది సత్తయ్య. మిల్లులో మగ్గాలకు కరెంటు పని చేస్తాడట. చెయ్యి కడుక్కుని వచ్చాడు. “ఇంజన్ నాకు తెల్వది సార్. వైరు తెలుసు. ఈ బండి సాఫ్ జేసింది ఎవలు?”

నాకు చిరాకేసింది. “ముందు బండి చూడన్నా.”

“మా మిల్లుల మగ్గం ఆగి లైటు వెలిగితె, మొదలు మగ్గం చూడమమ్మా. ఊడ్చెటాయనను అడుగుతం. నిన్నటిదాంక మంచిగున్నది ఇయ్యాల ఆగిందంటె, ఎవలో ఏదో చేసిన్రన్నట్టే.”

చెప్పక తప్పలేదు. బంకు, టోల్ గేటు, సరిహద్దు, ఎక్కడ శ్రీధర్ దిగి ఎక్కినా ఆయన చెప్పుల వల్ల ఏం అంటుకుందోనని పెడళ్ల చుట్టూ బ్లీచింగ్ నీళ్లు స్ప్రే కొడుతూ వచ్చాను. పదిహేను సార్లయినా కొట్టి ఉంటాను. శ్రీధర్ ఆ స్ప్రే సీసా తీసి సత్తయ్య చేతిలో పెట్టారు.

సత్తయ్య స్టీరింగ్ కిందికి వెల్లకిలా దూరి, ఫోన్ లైటు పెట్టి, యాక్సిలరేటర్ పెడల్ పైన ఉన్న ప్లగ్గు ఊడదీశాడు. లోపలి పిన్నులు చిలుం పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి.

“గిగో. కరోనా సచ్చిందో లేదో గని, గిదైతె సచ్చింది.”

“నవ్వకు సత్తీ,” అంది రాజవ్వ. “అందరం పిచ్చోళ్లమే అయినం. పోయినేడు నేను తోటకూర సర్ఫుల కడిగిన. పప్పుల నురుగొచ్చింది.”

అతను బ్యాటరీ వైరు విప్పి, మిల్లుకెళ్లి చిన్న బ్రష్షు, పిన్నులు శుభ్రం చేసే స్ప్రే తెచ్చాడు. ముప్పావుగంట పని. రాజవ్వ పెట్టిన భోజనం ప్లేటు డెబ్బై. శ్రీధర్ తిన్నారు, నేను ప్లేటు పక్కన పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. మేఘన ఫోన్ చేసింది. అప్పటికే హాస్టల్ గేటు దగ్గర పెట్టె మీద కూర్చుని ఉందట. “వస్తున్నారా, రావట్లేదా? అదొక్కటి చెప్పమ్మా.” వస్తున్నామన్నాను. నిజమో కాదో నాకే తెలియదు.

స్టార్ట్ చేస్తే ఇంజన్ గొంతు మారింది. పసుపు లైటు మాత్రం ఆరలేదు.

“లైటు ఎమ్మటే పోదమ్మా. జర తిరిగినంక పోతది. పసుపే ఉంటె పోన్రి. ఎర్రది వెలిగిందంటె ఆడ్నే ఆపున్రి,” అన్నాడు సత్తయ్య. స్ప్రేకైన రెండు వందల యాభై తీసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు.

అంక్లేశ్వర్, భరూచ్ దాటేదాకా రోడ్డు చూడలేదు నేను. లైటే చూశాను. ఐదూ నలభైకి హాస్టల్ చేరాం. రెండు మాస్కుల పైన మేఘన కళ్లు గుంటలు పడి ఉన్నాయి. “దగ్గరికి రాకమ్మా,” అంది. వెళ్లాను. పెట్టె అక్కడే ఉండిపోతే శ్రీధర్ ఎత్తుకొచ్చారు. తిరుగు దారంతా వెనక పిల్ల కాళ్ల దగ్గరే కూర్చున్నాను. లైటు ఎక్కడ ఆరిందో చూడలేదు. వాపి దాటాక, అదెప్పుడో పోయిందని శ్రీధర్ చెప్పారు.

ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ అలసటే వస్తుంది. జాగ్రత్త అనుకుంటూనే ఆ ప్లగ్గును తడిపాను. కరోనా ఉన్న ఆ రెండేళ్లలో, జాగ్రత్త పేరుతోనే, ఇంట్లోవాళ్లను ఇంకేం చేశానో, ఎవరూ నాకు ప్లగ్గు విప్పి చూపించలేదు. మీరు ఇలాంటి బండిలో బయల్దేరుతుంటే ఒక్కటే చెబుతాను. లైటు వెలిగితే ఎవరికైనా ఫోన్ చేసే ముందు, గత రెండు రోజుల్లో బండికి మీరేమేం చేశారో కాగితం మీద రాయండి. చెప్పడానికి సిగ్గేసేది మొదట రాయండి.