పొద్దుటి ఆకు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పులివెందుల దగ్గర మా మామకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఆయనకున్న ఆధారమంతా అదే. రోజూ తెల్లవారగానే పోయి, ఒక్కో చెట్టు ఆకును బొటనవేలితో నిమిరి చూసేవాడు. అత్తకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యని మనిషి.

"మిట్టమద్యానం ఆకు ముడ్సుకుంటే నమ్మొద్దురా, అది ఎండకు ఏసే ఏషం. పొద్దున్నే గూడా ముడ్సుకోనుంటే, చెట్టుకు నిజంగా దప్పికైతాందని" అనేవాడు.

"నాకూ దప్పికైతాంది, కాఫీ యాడ మామా?" అనేవాణ్ణి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. బావిలోంచి ఎద్దులు లాగే కపిలకు నీళ్లకు బదులు బురద వచ్చింది. మామ పొద్దున పోవడం మానేసి, మిట్టమధ్యాహ్నం పోసాగాడు. ఒకనాడు నేనూ వెంట పోయాను. తోటంతా ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. మామ ఒక ఆకును బొటనవేలితో చదును చేశాడు. వేలు తియ్యగానే అది మళ్లీ ముడుచుకుంది.

"ఎండకేలేరా. ఈ యాళప్పుడు ఏ చెట్టయినా ఇట్లే ఉంటాది" అన్నాడు, నా వైపు చూడకుండా.

పొద్దున ఎట్లుంటాయని అడగబోయాను.

"ఔ మామా, ఎండ శానా ఉంది" అన్నాను.