దుబల్గుండి చెరకూ, శ్రీశైల్ లూపూ

శ్రీశైల్ ఏ చోటికి దారి చెప్పినా చౌబారా గడియారం దగ్గర్నుంచే మొదలుపెడతాడు. ఈ ఆచారం ఏ సంవత్సరంలో ఆరంభమైందో తెలిపే శాసనమేదీ బీదర్‌లో ఇంతవరకు బయటపడలేదు. కోట గురించి అన్నన్ని పేజీలు రాసిన చరిత్రకారులు దీన్నెలా వదిలేశారో అర్థం కాదు. మన దగ్గరున్న ఆధారం ఒక్కటే: మొన్న అతని బామ్మర్ది సంజు సంతపూర్ నుంచి వచ్చి, గల్లీలో నిలబడి చేసిన ఫోను.

"బావా, మీ గల్లీలనే ఉన్న. ఏ ఇల్లు?"

"ముందుగాల చౌబారాకు పో."

"అగో, కనబడ్డవ్! మిద్దె మీద బనీన్ల ఉన్నది నువ్వే గదా?"

"కనబడితే ఏమాయె? దారి దారి లెక్కనే చెప్పాలె. చౌబారా కాడ ఎడమకు తిరుగు..."

సంజు చౌబారాకు పోలేదు, మెట్లెక్కి వచ్చాడు. ఈ ధిక్కారాన్ని శ్రీశైల్ భోజనాలయ్యేదాకా క్షమించలేదు.

ఇంతటి మనిషిది దుబల్గుండి అనే పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కని మాట్లాడుతూ పెరిగాడు. బీదర్‌లోనే ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆ నగరం తన స్థాయిని అందుకోలేకపోయిందని తేల్చుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఒక మిఠాయి దుకాణం పైనున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అతనే పెద్ద. పెద్దరికానికి గుర్తు అతని కుర్చీ. అది తిరుగుతుంది. మిగతావాళ్ళవి తిరగవు.

హళ్ళిఖేడ్ వైపున్న ఒక చక్కెర ఫ్యాక్టరీ ఈ ఆఫీసుకు ఒక పని ఒప్పజెప్పింది. ఎవరి చెరకు ఎప్పుడు కోయాలో ప్రతి రైతుకూ ఫోనులో మెసేజి పోవాలి. వివరాలన్నీ ఫ్యాక్టరీ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో ఇస్తుంది. ఎక్స్ఎంఎల్ అంటే డబ్బాలో డబ్బా పెట్టినట్టు రాసే పద్ధతి. ఊరనే డబ్బాలో రైతులు, రైతు అనే డబ్బాలో అతని చెరకు మళ్ళు. జావా అనే కంప్యూటరు భాషలో ఒక లూపు, అంటే ఒకే పనిని వరసగా ఒక్కొక్కరికీ చేసుకుంటూ పోయే ఆదేశం, ఊళ్ళ వెంట తిరగాలి, దాని లోపలిది రైతుల వెంట, దానికీ లోపలిది మళ్ళ వెంట. ఏ డబ్బాలోకి ఎలా పోవాలో చెప్పే దారిని ఎక్స్‌పాత్ అంటారు.

దారులు చెప్పడమే పని అని తెలిశాక శ్రీశైల్ దాన్ని ఇంకొకరి చేతికిస్తాడా?

రాశాడు. పరీక్షించాడు కూడా. పరీక్ష కోసం ఒక చిన్న ఫైలు తయారుచేసి, అందులో ఒకే ఊరు, ఆ ఊళ్ళో ఒకే రైతు, ఆ రైతుకు ఒకే మడి పెట్టాడు. ఊరు దుబల్గుండి, రైతు స్వయానా తన మేనమామ సిద్దయ్య. మామ పేరు మీద మామ మడి తెర మీద తళతళలాడింది. ఫ్యాక్టరీ ఆఫీసరు అది చూసి తలాడించాడు. శ్రీశైల్ కుర్చీ ఒక చుట్టు తిరిగింది.

మర్నాడు అసలు ఫైలు మీద ప్రోగ్రాం నడిపారు. పొద్దెక్కేసరికి సిద్దయ్య ఫోను.

"ఏమ్రా అల్లుడా, ఫ్యాక్టరోళ్ళు జిల్లా మొత్తం నా పేరు మీద రాసిన్రా?"

"ఏమైంది మామా?"

"ఫోను కొట్టుకుంటనే ఉన్నది. శివరాజ్ మడి నాదేనట. హన్మయ్య మడి నాదేనట. హళ్ళిఖేడ్ల నేను మొఖం చూడనోళ్ళ మళ్ళు గూడ నావేనట! శివరాజ్ ఫోన్లనేమో నా మడి ఆయనదట. ఇంటికొచ్చి, 'సిద్దన్నా, నా మడికి మంచిగ నీళ్ళు పెట్టినవ్, షుక్రియా' అని చెప్పి చాయ్ తాగి పోయిండు."

శ్రీశైల్ నవ్వబోయాడు.

"నవ్వకు. నా చెరకు ఎండుతాంది రా. ఆకు తెల్లబడ్డది. టోళి ఆదివారం వాళ్ళ ఊరికి పోతాంది. నిన్నటిసంది కత్తి ముట్టకుండ కూసున్నరు. గీ మెసేజులు జూసి, ఎవరి మడి కొయ్యాల్నో సమజ్ గాక ఆగిన్రు కావచ్చు. వాళ్ళు పోయిన్రంటే గా చెరకంత దెచ్చి నీ ఆఫీసు మెట్ల మీద పోస్త."

టోళి అంటే ఏటా మహారాష్ట్ర నుంచి చెరకు నరకడానికి వచ్చే కూలీల గుంపు. దానికి ఒక ముకద్దం ఉంటాడు. అతను లేవమంటేనే కత్తి లేస్తుంది. టోళి వెళ్ళిపోతే ఈ సీజనుకు సిద్దయ్య చెరకు నిలువునా ఎండాల్సిందే.

శ్రీశైల్‌కు భయం వేసింది. భయం చాటున కొంచెం గర్వం కూడా కలిగింది. మిఠాయి దుకాణం పైన కూర్చుని రాసిన లూపు అంతమంది చేతుల్లో కత్తులను ఆపిందంటే మాటలా? ఐతే గర్వపడే తీరిక లేదు కాబట్టి వెంటనే దోషుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. మొదట నెట్‌వర్క్‌ను అనుమానించాడు. తర్వాత ఫ్యాక్టరీ ఫైలును, ఆ తర్వాత కన్నడ అక్షరాలను. చివరికి జావాను కనిపెట్టినవాళ్ళ దాకా పోయాడు.

పక్క కుర్చీలో, అంటే తిరగని కుర్చీలో, భాగ్యజ్యోతి కూర్చుంటుంది. ఆమె కూడా అదే కాలేజీలో అదే చదువు చదివింది. తెర వంక చూసి అడిగింది.

"అన్నా, నువ్వు టెస్ట్ చేసిన ఫైల్ల ఎంతమంది రైతులు?"

"ఒక్కడు. మా మామ."

"ఎన్ని మళ్ళు?"

"ఒకటే. ఎందుకు?"

"లోపలి లూపుల దారి రెండు గీతలతోటి మొదలుపెట్టినవ్. గట్ల పెడితే, రైతును చేతిలకిచ్చి అడిగినా గాని, అది ఫైలు మొదటికే ఉరుకుతది. ఆడికెళ్ళి చూస్తే అందరి మళ్ళూ కనబడ్తయ్. ప్రతి రైతుకూ అందరివీ ఇచ్చుకుంట పోతాంది. గీతల ముందల ఒక చుక్క పెట్టు. ఈ రైతు కాడికెళ్ళే చూస్తది."

"మొదటినుంచి చూడకపోతే పూరా సమాచారం ఎట్లొస్తది చెల్లె?"

"పూరానే వచ్చిందన్నా. అందరికీ వచ్చింది."

శ్రీశైల్ ఈ వాదాన్ని అంగీకరించలేదు. ఆలోచిస్తానని చెప్పి చాయ్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి భాగ్యజ్యోతి చుక్క పెట్టేసి, ఇద్దరు రైతులున్న ఫైలు మీద నడిపి చూపింది. ఎవరి మళ్ళు వాళ్ళకే వచ్చాయి. అప్పుడు శ్రీశైల్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఇది తప్పు దిద్దడం కాదనీ, తాము ముందే అనుకున్న రెండో వర్షన్ అనీ ప్రకటించాడు. "మేము" అన్నాడే గాని, ఆ మేములో భాగ్యజ్యోతి ఉందో లేదో చెప్పలేదు.

కొత్త మెసేజీలు పోయాయి. మర్నాడు పొద్దున్నే శ్రీశైల్ బండి మీద దుబల్గుండి బయల్దేరాడు. ముకద్దం ఎదుట నిలబడి సరైన మెసేజి చూపించి, ఆగిన కోతను తన చేతులమీదుగా నడిపించాలని అతని సంకల్పం. ఊళ్ళోని చాయ్ హోటలు దగ్గర జనాన్ని చూసి ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"ఇగ పరేషాన్ గాకుండ్రి. ఎవరి మడి వాళ్ళకే వచ్చింది."

శివరాజ్ ఫోను చూసుకుని నిట్టూర్చాడు.

"ఏం పని జేసినవ్ శ్రీశైల్? నిన్న పొద్దుమూకిందాంక ఇరవై ఊళ్ళ పట్టేల్ లెక్క ఉంటి. మళ్ళ ఒక్క మడికి దెచ్చి పెట్టినవ్."

మామ ఇంట్లో లేడు. శ్రీశైల్ చెలక దారి పట్టి, సిద్దయ్య చెరకు దగ్గరికి చేరేసరికి సగం మడి నేల మీద ఉంది. కత్తులు టకటకమంటున్నాయి. సిద్దయ్య తలకు తువ్వాల చుట్టుకుని మోపులు కడుతున్నాడు. మొహంలో నిన్నటి దిగులు లేదు.

"చూసినవా మామా! మెసేజు పోంగనే పని షురూ అయింది."

"అయితే అయింది గాని, జర గా మోపు పట్టు."

శ్రీశైల్ మోపు పట్టలేదు. గట్టు మీద నిలబడి తంబాకు నలుపుతున్న ముకద్దం దగ్గరికి నడిచాడు. ఫోను ముందుకు చాచి, సరైన మెసేజి ఎన్నింటికి అందిందని, చరిత్ర కోసం అన్నట్టు, గంభీరంగా అడిగాడు.

"మెసేజ్?" అని ముకద్దం ఆ ఫోను వైపు మర్యాదగా చూశాడు. "ట్రాలీ నై థీ సాబ్. సుబే ఆయీ."

చెరకు మోసే ట్రాలీ ఇరుసు విరిగి, కోత ఆగిన ఆ రెండు రోజులూ హుమ్నాబాద్‌లో మరమ్మతులో ఉండి, ఆ పొద్దున్నే తిరిగొచ్చింది.