కార్తీక సోమవారం, రాబిన్ పిట్ట

వేదవతి ఆంటీకి కోడిగుడ్డంటే ఒళ్ళు జలదరింపు. అలాంటి మనిషి భుజాన గుడ్ల సంచీ వేసుకుని రువాపేహు కొండ కింద అడవిలో తిరుగుతుందంటే మా పాపకూర ఊరివాళ్ళెవరూ నమ్మరు. అక్కడి డెయిరీ, అంటే ఈ దేశంలో చిల్లర కొట్టు, అమ్మేసి ఆవిడా బాలసుబ్రహ్మణ్యం అంకులూ ఆ కొండ దగ్గరి ఒహాకునే ఊళ్ళో సెటిలయ్యారు. ఊసుపోక అడవిని కాపాడే వాలంటీర్లలో చేరారు. ఒక కాలిబాట, దాని పొడుగునా ఉచ్చుపెట్టెలు ఆంటీ వంతుకొచ్చాయి. పెట్టెలో గుడ్డు ఎర. దానికోసం దూరిన స్టోట్, అంటే ముంగిసలాంటి జంతువు, అక్కడికక్కడే చస్తుంది. ఆంటీ మొహం పక్కకు తిప్పుకుని గుడ్డు పెట్టేది. అంకుల్‌కి అదో వినోదం.

ఆ అడవంతా బీచ్ అనే జాతి చెట్లు. చిన్న చిన్న ఆకులు, నాచు పట్టిన మొదళ్ళు. అవి కొన్నేళ్ళకొకసారి విరగకాస్తాయి. రాలిన గింజలు తిని ఎలుకలు, ఎలుకలను తిని స్టోట్లు పెరుగుతాయి. ఎలుకలు తరిగాక స్టోట్లు పిట్టగూళ్ళ మీద పడతాయి. ఆంటీ బాటలో ఒక రాబిన్ జంట ఉండేది. బూటుతో ఆకులు కదిపితే చాలు, మగపిట్ట కాళ్ళ దగ్గరికొచ్చి పురుగును ఏరుకుని, గూట్లో పొదుగుతున్న ఆడపిట్టకు తీసుకెళ్ళేది. "మా అల్లుడుగారొచ్చారు" అని మురిసిపోయేది ఆంటీ.

నిరుడు విరగకాపు. సరిగ్గా స్టోట్లు తెగబడే వేళకు కార్తీకమాసం వచ్చింది. ఆ నెలలో ప్రాణం తీయడమేమిటని ఆవిడ ఎవరికీ చెప్పకుండా పెట్టెల్లో ఉచ్చులు బిగించకుండా వదిలేసింది. మళ్ళీ వెళ్ళేసరికి గూడు చిరిగి ఉంది. కింద బూడిదరంగు ఈకలు. మగపిట్ట పురుగును ముక్కున కరుచుకుని గూటిదాకా ఎగిరింది, తిరిగొచ్చింది, మళ్ళీ ఎగిరింది. మింగలేదు. ఆంటీ నాచు మీదే కూలబడి ఏడ్చిందని అంకుల్ చెప్పారు. నాకైతే విన్నప్పుడు కోపమే వచ్చింది. ఆవిడ మొహం చూశాక పోయింది.

ఈ ఏడు మగపిట్టకు కొత్త జోడీ దొరికింది. మొదటి కార్తీక సోమవారం నేనక్కడే ఉన్నాను. ఆంటీ తెల్లవారుజామున తలస్నానం చేసి, దీపం పెట్టి, ఉపవాసంతోనే బయల్దేరింది.

"నువ్వుండు, ఇవాళ్టికి పెట్టెలు నేను బిగిస్తాలే," అన్నారు అంకుల్.

"వద్దండీ. పాపమంటూ ఉంటే నాకే రానీండి. మధ్యలో మీకెందుకు?"

ముగ్గురం అడవికి వెళ్ళేసరికి గూటి దగ్గరి పెట్టెలో స్టోట్ చచ్చి పడుంది. ఆంటీ దాన్ని చెట్టు మొదట్లో పూడ్చింది. "నీకూ పిల్లలున్నాయేమో తల్లీ, ఏం చెయ్యను," అంటూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొత్త గుడ్డు పెట్టి, పెట్టె బిగించింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

లేచి, బూటుతో ఆకులు కదిపింది. మగపిట్ట దిగింది, పురుగు దొరకగానే పైకెగిరింది. గూట్లోంచి ఆడపిట్ట చిన్న ముక్కు పైకి లేచి దాన్ని అందుకుంది.

పొద్దుట్నుంచి మంచినీళ్ళైనా ముట్టని ఆంటీ అంకుల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తిందండీ," అంది. "మనమ్మాయి తింది."